ఇంటికే వచ్చే సెకను

2025 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఒక ముసాయిదాను ప్రజల ముందుంచింది. చట్టానికీ, పాలనకూ, వ్యాపారానికీ సంబంధించిన పనులన్నిటిలో భారత ప్రామాణిక కాలాన్నే వాడాలన్నది దాని సారాంశం. దేశమంతా వాడుతున్నది ఆ కాలమే కదా, మళ్లీ ఈ నియమం ఎందుకు అనిపిస్తుంది. గోడ గడియారం వరకు ఆ మాట నిజమే. ఫోన్ టవర్లు, బ్యాంకు సర్వర్లు, కరెంటు సబ్‌స్టేషన్లు మాత్రం సెకనులో పదిలక్షో వంతును కూడా పట్టించుకోవాలి. ఆ స్థాయిలో చూస్తే వీటిలో చాలా వ్యవస్థలు అమెరికా జీపీఎస్ ఉపగ్రహాల వంటి విదేశీ మూలాల నుంచే సమయం తెచ్చుకుంటున్నాయి.

ఈ ముసాయిదా తూనికలు కొలతల చట్టం కింద వచ్చింది. కిరాణా కొట్టు కాటాకు ముద్ర వేసేదీ ఆ చట్టం ప్రకారమే. కొట్టులోని కిలో రాయిని ఇన్‌స్పెక్టరు దగ్గరున్న రాయితో, దాన్ని ప్రయోగశాలలో ఉండే ఇంకా కచ్చితమైన రాయితో, ఆ రాయిని చివరికి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల ప్రమాణంతో సరిచూస్తారు. ప్రతి మెట్టులోనూ రాయిని జాగ్రత్తగా మోసుకెళ్లక తప్పదు. కాలానికి ఆ బాధ లేదు. సెకను చేత్తో పట్టుకునే వస్తువు కాదు. తీగ మీద, రేడియో అల మీద, గాజు పోగులోని వెలుగు మీద దాన్ని ఎక్కడికైనా పంపవచ్చు. కొలతలన్నిటిలో ఇంత తేలికగా ఊళ్లు దాటేది ఇదొక్కటే. అలా పంపగలిగే విద్య నేర్వడానికి మాత్రం రెండు వందల ఏళ్లు పట్టింది. అందులో సగానికి సగం కథ గడియారాలది కాదు, దారిలో జరిగే ఆలస్యాలది.

మొదట్లో సమయాన్ని కూడా మనుషులే మోశారు. లండన్ గడియారాల తయారీదారులకు గ్రీనిచ్ అబ్జర్వేటరీ కాలం కావాలి. వాళ్లంతా వచ్చి తలుపు తడుతుంటే ఖగోళ పరిశీలన సాగదు. అక్కడ పనిచేసే జాన్ హెన్రీ బెల్‌విల్ 1836లో ఒక ఏర్పాటు చేశాడు. మంచి గడియారమొకటి గ్రీనిచ్‌లో సరిచూసుకుని, బండిలో లండనంతా తిరిగి, చందాదారులకు చూపించేవాడు. 1856లో ఆయన పోయాక భార్య మరియా ఆ పనికి దిగింది. 1892 నుంచి కూతురు రూత్ అందుకుంది. వాళ్లు వాడిన గడియారాన్ని జాన్ ఆర్నాల్డ్ అనే నిపుణుడు చేశాడు కాబట్టి ఆ ఇంట్లో దానికి ఆర్నాల్డ్ అనే పేరే స్థిరపడింది. టెలిగ్రాఫ్ వచ్చింది, రేడియో వచ్చింది, ఫోన్‌లో సమయం చెప్పే యంత్రమూ వచ్చింది. రూత్ 1940 వరకు, అంటే 86 ఏళ్ల వయసు దాకా, ఆ గడియారంతో గడప గడపకూ తిరుగుతూనే ఉంది.

1908లో ఒక పోటీ కంపెనీ పెద్దమనిషి సభలో ఆమె పద్ధతిని ఎద్దేవా చేశాడు. పత్రికలు ఆ సంగతి రాశాయి. దాంతో ఆమెకు చందాదారులు పెరిగారు.

ఈ కథలో అసలు గమనించాల్సింది ఆమె చేతిలోని కాగితం. గ్రీనిచ్‌లో ఆర్నాల్డ్ ముల్లును తిప్పి సరిచేసేవారు కాదు. ఆ రోజు అది ఎంత ముందుందో, ఎంత వెనకుందో రాసి ధ్రువపత్రం ఇచ్చేవారు. క్యాలిబ్రేషన్ అంటే అంతే. గడియారం తప్పు చూపినా ఫరవాలేదు, ఆ తప్పు ఎంతో తెలిసుండాలి. నేటి ప్రయోగశాలలు ఇచ్చే పత్రాల్లోనూ ఉండేది ఆ అంకే. దాని పక్కన ఇంకో అంకె కూడా ఉంటుంది. ఈ కొలతను ఎంతవరకు నమ్మవచ్చో అది చెబుతుంది.

మన వైపు ఆ పని మద్రాసు అబ్జర్వేటరీ చేసింది. 1792లో ఈస్టిండియా కంపెనీ నుంగంబాకంలో కట్టించిన ఆ భవనంలో నక్షత్రాలు నడినెత్తి రేఖను దాటే క్షణాన్ని చూసి గడియారాలు దిద్దేవారు. పంచాంగకర్తల ఇంట పుట్టి, 1867లో ఆర్ రెటిక్యులి అనే నక్షత్రపు వెలుగు మారుతోందని కనిపెట్టిన చింతామణి రఘునాథాచారి పనిచేసింది అక్కడే. రాత్రి 8 గంటలకు కోటలో ఫిరంగి పేలితే పట్నం గడియారాలు సర్దుకునేది. ఇక్కడే దారి సమస్య ఎదురవుతుంది. మోత 3 కిలోమీటర్లు వెళ్లడానికి దాదాపు 9 సెకన్లు పడుతుంది. కోట గోడ పక్కనున్నవాడి 8 గంటలూ, ఊరి చివరనున్నవాడి 8 గంటలూ ఒకటి కావు. టెలిగ్రాఫ్ తీగలు వచ్చాక ఆ తేడా దాదాపు మాయమైంది. గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందుండే మద్రాసు కాలాన్నే రైల్వేలు దేశంలో చాలాచోట్ల వాడుకున్నాయి. 1906 జనవరి 1న భారత ప్రామాణిక కాలం మొదలైంది. దానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం ఉత్తరాన మీర్జాపూర్ దగ్గర, మన దగ్గర కాకినాడ సమీపంలో సాగిపోతుంది.

రేడియో రాకతో గడియారానికి తోడు ఫ్రీక్వెన్సీ కూడా ముఖ్యమైంది. సెకనుకు ఎన్ని ఊగులో చెప్పేది ఫ్రీక్వెన్సీ. 1920ల అమెరికాలో రేడియో స్టేషన్లు పుట్టగొడుగుల్లా లేచాయి. ఏ స్టేషనూ తనకిచ్చిన ఫ్రీక్వెన్సీ మీద నిలకడగా ఉండేది కాదు. ఒకదాని పాట మీద మరొకదాని వార్తలు పడేవి. 1923లో అక్కడి ప్రమాణాల సంస్థ డబ్ల్యూడబ్ల్యూవీ అనే తన స్టేషన్ నుంచి ప్రామాణిక ఫ్రీక్వెన్సీలు ప్రసారం చేయసాగింది. మిగతా స్టేషన్లు వాటిని విని తమ ట్రాన్స్‌మిటర్లను సరిచూసుకున్నాయి. పరికరాన్ని ఎక్కడికీ కదిలించకుండా చేసే ఫ్రీక్వెన్సీ క్యాలిబ్రేషన్ పెద్ద ఎత్తున మొదలైంది ఇలాగే. మన దేశంలోనూ 1959 నుంచి కొన్ని దశాబ్దాల పాటు జాతీయ భౌతిక ప్రయోగశాల ఏటీఏ అనే పేరుతో షార్ట్‌వేవ్‌లో కాల సంకేతాలు పంపింది.

షార్ట్‌వేవ్‌కు ఒక బలహీనత ఉంది. అది ఆకాశంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి కిందికి వస్తుంది. ఆ పొర పగలు ఒక ఎత్తులో, రాత్రి మరో ఎత్తులో ఉంటుంది. అందుకే ఎంత కచ్చితంగా పంపినా, చేరేసరికి ఆ కచ్చితత్వంలో చాలాభాగం దారిలోనే పోతుంది. ఈలోగా గడియారాలు ఎక్కడికో వెళ్లిపోయాయి. 1927లో క్వార్ట్జ్ గడియారం వచ్చింది. 1955లో ఇంగ్లండులో లూయీ ఎస్సెన్, జాక్ ప్యారీ సీజియం అణు గడియారాన్ని నడిపించారు. 1967లో సెకను నిర్వచనమే మారింది. సీజియం-133 పరమాణువు నుంచి వచ్చే ఒక ప్రత్యేక తరంగం 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 సార్లు ఊగితే ఒక సెకను. ఇంతటి గడియారం చేతికొచ్చినా, ఒక ఊరి సెకనును మరో ఊరికి అంతే కచ్చితంగా చేర్చే మార్గం మాత్రం లేదు.

దాంతో మళ్లీ మోత మొదలైంది, ఈసారి విమానాల్లో. 1960లలో హ్యూలెట్ ప్యాకర్డ్ సంస్థ తన సీజియం గడియారాలను ప్రయాణికుల విమానాల్లో సీట్లకు కట్టి దేశదేశాలూ తిప్పింది. వెళ్లిన ప్రతిచోటా స్థానిక ప్రయోగశాల గడియారంతో పోల్చి చూశారు. 1971లో జోసెఫ్ హాఫెలే, రిచర్డ్ కీటింగ్ అనే ఇద్దరు ఇలాగే భూమి చుట్టూ తిరిగారు. తూర్పుకు వెళ్లిన గడియారాలు 59 నానోసెకన్లు వెనకబడ్డాయి, పడమరకు వెళ్లినవి 273 నానోసెకన్లు ముందుకెళ్లాయి. సెకనులో వంద కోట్లో వంతు ఒక నానోసెకను. ఐన్‌స్టీన్ సిద్ధాంతం నిజమని తేలింది. గడియారాన్ని మోస్తే ఆ మోయడమే దాన్ని మారుస్తుందన్న సంగతీ దానితోపాటే రుజువైంది.

మామూలు పరిశ్రమకు ఐన్‌స్టీన్ దాకా వెళ్లే అవసరం లేదు, కానీ ఇబ్బంది అలాంటిదే. రాడార్లు, ఫోన్ పరికరాలు పరీక్షించే ప్రతి ల్యాబులోనూ ఒక ఆసిలేటర్ ఉంటుంది. క్వార్ట్జ్‌తోనో, రుబిడియంతోనో పనిచేసే ఆ పెట్టె మిగతా మీటర్లన్నిటికీ ఆధారం. దాన్ని సరిచూడాలంటే కరెంటు తీసి, పెట్టెలో సర్ది, జాతీయ ప్రయోగశాలకు పంపాలి. క్వార్ట్జ్ స్ఫటికం ఒకసారి చల్లారి మళ్లీ వేడెక్కితే పాత ఫ్రీక్వెన్సీకి సరిగ్గా తిరిగి రాదు. దారిలో కుదుపులు వేరే. పత్రం చేతికి వచ్చేసరికి అందులోని అంకె ఒకటి, ల్యాబులో మళ్లీ స్విచ్ వేశాక అసలు అంకె మరొకటి. అది తిరిగొచ్చేదాకా మిగతా మీటర్లకు ఆధారమూ ఉండదు.

ఈ చిక్కుముడిని విప్పింది జీపీఎస్. విచిత్రమేమిటంటే జీపీఎస్ గడియారం ఎంత గొప్పదన్నది ఇందులో పెద్ద విషయమే కాదు. అమెరికాలోని బౌల్డర్‌లో పనిచేసే డేవిడ్ ఆలన్, మార్క్ వైస్ 1980లో ఒక పద్ధతి ప్రతిపాదించారు. దీపావళి రాత్రి ఆకాశంలో ఎత్తుగా ఒక తారాజువ్వ పేలిందనుకోండి. పక్కపక్క ఊళ్లలోని ఇద్దరు అది పేలిన క్షణానికి తమ తమ వాచీల్లో ఎంతైందో రాసుకుంటారు. తర్వాత ఫోన్‌లో ఆ అంకెలు చెప్పుకుంటారు. తీసివేస్తే రెండు వాచీల మధ్య తేడా తేలిపోతుంది. తారాజువ్వ అనుకున్న వేళకే పేలిందా లేదా అన్నది వాళ్లకు అనవసరం. ఉపగ్రహమూ అంతే. రెండు ప్రయోగశాలలు ఒకే క్షణంలో ఒకే ఉపగ్రహాన్ని వింటాయి. తీసివేతలో ఉపగ్రహ గడియారపు తప్పు కొట్టుకుపోతుంది. ఆకాశంలో వచ్చే ఆలస్యాల్లో కూడా ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న భాగం పోతుంది. మిగిలేది రెండు గడియారాల తేడా.

అమెరికా ప్రమాణాల సంస్థ 1984లో ఖాతాదారుల ల్యాబులకే కొలిచే పరికరాన్ని పంపే సేవ మొదలుపెట్టింది. తొలి రోజుల్లో ఓడలకు దారి చూపే లోరాన్ రేడియో సంకేతాలను ఆధారం చేసుకుని, తర్వాత జీపీఎస్‌కు మారింది. ఖాతాదారు ఆసిలేటర్లను ఆ పరికరానికి కలిపి వదిలేస్తే చాలు. అది రాత్రింబగళ్లు కొలుస్తుంది, ఆ లెక్కలు ఫోన్ లైన్ మీద సంస్థకు చేరతాయి. ఏడాదికోసారి వచ్చే పత్రానికి బదులు ఎడతెగని కొలత దొరికింది. ఆసిలేటర్ చెడిపోతుంటే ఆ రోజే తెలిసిపోతుంది. ఇది చిన్న మార్పు కాదు.

దీని వల్ల ఎక్కువ లాభపడింది చిన్న దేశాలు. 2005లో అమెరికా, కెనడా, మెక్సికో ప్రయోగశాలలు తమ గడియారాలను ఇంటర్నెట్ మీదుగా ఎప్పటికప్పుడు పోల్చుకునే అల్లికను ఏర్పరచాయి. తర్వాత జమైకా, ట్రినిడాడ్ అండ్ టొబాగో, సెయింట్ లూసియా వంటి దేశాలు అందులో చేరాయి. పెద్ద ప్రయోగశాల కట్టే స్తోమత లేని దేశం కూడా తన సెకనును ప్రపంచపు సెకనుతో సరిచూసుకోగలుగుతోంది.

ఆ ప్రపంచపు సెకను ఎక్కడుందంటే, కచ్చితంగా చెప్పాలంటే కాగితం మీద. పారిస్ శివారు సెవ్ర్‌లోని అంతర్జాతీయ కొలతల సంస్థకు ఎనభైకి పైగా ప్రయోగశాలల నుంచి నాలుగు వందలకు పైగా అణు గడియారాల లెక్కలు వస్తాయి. వాటి సగటు తీసి, ఒక్కో దేశపు కాలం దానికి ఎన్ని నానోసెకన్లు ఎడంగా ఉందో నెలకోసారి ప్రకటిస్తారు. ఢిల్లీ ప్రయోగశాల కాలం కూడా ఆ పట్టికలో ఉంటుంది. దానికి అయిదున్నర గంటలు కలిపితే మన భారత ప్రామాణిక కాలం.

దారి లెక్క ఇక్కడితో తీరిపోలేదు. మిద్దె మీది యాంటెన్నా నుంచి గదిలోని రిసీవర్‌కు వచ్చే కేబుల్‌లో సంకేతం మీటరుకు సుమారు 5 నానోసెకన్లు తీసుకుంటుంది. రిసీవర్ లోపల ఇంకొంత ఆలస్యం. వాటిని కొలిచి తీసేయడానికి, ముందే సరిచూసిన రిసీవర్‌ను ఒక ప్రయోగశాల నుంచి మరో ప్రయోగశాలకు ఇప్పటికీ పెట్టెలో పెట్టి పంపుతారు. గడియారం ప్రయాణం ఆగింది కానీ, దారిని కొలిచే పరికరం ప్రయాణం ఆగలేదు.

ఇంత కచ్చితత్వం ఎవరికి కావాలి? జేబులో ఫోన్ ఉన్న ప్రతి ఒక్కరికీ. 5జీలో పక్కపక్క టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీ మీద వంతులవారీగా పంపుతాయి, వింటాయి. ఒక్కో టవర్ గడియారం అసలు సమయం నుంచి ఒకటిన్నర మైక్రోసెకన్లకు (మైక్రోసెకను అంటే సెకనులో పదిలక్షో వంతు) మించి తప్పితే ఒకదాని మాట మీద మరొకటి పడుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సునామీ హెచ్చరిక కేంద్రం సంగతీ చూడండి. భూకంపపు తొలి అలలు సెకనుకు 6 నుంచి 8 కిలోమీటర్ల వేగంతో వస్తాయి. అవి ఏ స్టేషన్‌కు ఎప్పుడు చేరాయన్న దాన్ని బట్టే సముద్రం కింద ఎక్కడ కదిలిందో లెక్కకడతారు. ఒక స్టేషన్ గడియారం ఒక్క సెకను తప్పితే ఆ స్టేషన్ ఇచ్చే దూరం కిలోమీటర్ల కొద్దీ తప్పుతుంది. 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలో కొంత భాగం కలిపి దాదాపు 5 కోట్ల మంది చీకట్లో మునిగారు. ఏ కరెంటు లైను ముందు పడిపోయింది, ఏది తర్వాత అని తేల్చబోతే, రికార్డర్ల గడియారాలు ఒకదానితో ఒకటి కలవలేదు. వరుస కూర్చడానికే దర్యాప్తు బృందం ఎంతో శ్రమపడింది. రికార్డర్లన్నీ ఒకే కాలానికి కట్టుబడి ఉండాలని ఆ నివేదిక గట్టిగా చెప్పింది.

అందరూ ఒకే మూలాన్ని నమ్ముకుంటే ఏమవుతుందో 2016 జనవరి 26న తెలిసింది. అమెరికా 23వ నంబరు జీపీఎస్ ఉపగ్రహాన్ని సేవ నుంచి తప్పిస్తుండగా సాఫ్ట్‌వేర్ పొరపాటున కొన్ని ఉపగ్రహాలు 13 మైక్రోసెకన్లు తప్పుగా కాలం చెప్పాయి. దారి చూపించే పనికి ఏమీ కాలేదు కాబట్టి కార్లు నడిపేవాళ్లకు తెలియలేదు. జీపీఎస్ నుంచి కాలం తీసుకునే టెలికాం పరికరాలు మాత్రం గంటల తరబడి అలారాలు మోగించాయి, బ్రిటన్‌లో డిజిటల్ రేడియో ప్రసారాలు తడబడ్డాయి. నేల మీది స్టేషన్లకూ గండాలు తప్పవు. 2011 మార్చిలో ఫుకుషిమా అణు కేంద్రం ప్రమాదానికి గురైనప్పుడు, జపాన్ కాల సంకేతాలు పంపే 40 కిలోహెర్ట్జ్ స్టేషన్ ఖాళీ చేయించిన 20 కిలోమీటర్ల పరిధిలో పడింది. సిబ్బంది వెళ్లిపోవాల్సి వచ్చి ఏప్రిల్ 21 వరకు ప్రసారం ఆగింది. దక్షిణాన ఇంకో స్టేషన్ ఉండబట్టి దేశమంతా మూగబోలేదు.

ఉపగ్రహం మీద భారం తగ్గించే దారి గాజు పోగుల్లో ఉంది. సంకేతం వెళ్లి తిరిగి వచ్చే సమయాన్ని కొలుస్తూ, దారి ఆలస్యాన్ని క్షణక్షణమూ సరిదిద్దవచ్చు. ఐరోపాలోని సెర్న్ ప్రయోగశాలలో పుట్టిన వైట్ ర్యాబిట్ అనే పద్ధతి ఫైబర్ మీద నానోసెకను కంటే తక్కువ తేడాతో కాలాన్ని చేరుస్తుంది. 2018 నుంచి ఐరోపా సమాఖ్య నిబంధనల ప్రకారం మెరుపు వేగంతో షేర్ల లావాదేవీలు జరిపే సంస్థల గడియారాలు అసలు కాలానికి 100 మైక్రోసెకన్లకు మించి తేడాగా ఉండకూడదు. ఇలాంటి అవసరాల కోసమే లండన్ వ్యాపారులకు ఫైబర్ మీద కాలం అమ్మే సేవను బ్రిటన్ జాతీయ ప్రయోగశాల మొదలుపెట్టింది. పారిస్, బ్రౌన్‌ష్వైగ్ నగరాల మధ్య 1,415 కిలోమీటర్ల ఫైబర్ మీదుగా సీజియాన్ని మించిన స్ట్రాన్షియం కాంతి గడియారాలను పోల్చారు. అలాంటి పోలికలో ఉపగ్రహ సంకేతాలు ఆ గడియారాలకు ఆనవు.

మన దేశం ఇప్పుడు రెండు పనులు కలిపి చేస్తోంది. మొదటిది నేల మీద. జాతీయ భౌతిక ప్రయోగశాల, ఇస్రోతో కలిసి తూనికలు కొలతల శాఖ అహ్మదాబాద్, బెంగళూరు, భువనేశ్వర్, ఫరీదాబాద్, గువాహటిలోని తన ప్రాంతీయ ప్రయోగశాలల్లో అణు గడియారాలు పెట్టి భారత ప్రామాణిక కాలాన్ని పంచే ఏర్పాటు చేస్తోంది. రెండోది ఆకాశంలో. జీపీఎస్ లాంటి మన సొంత వ్యవస్థ నావిక్. ఆ ఉపగ్రహాల తొలి విడతలో విదేశీ రుబిడియం గడియారాలు వాడారు. మొదటి ఉపగ్రహంలోని మూడూ ఒకదాని తర్వాత ఒకటి ఆగిపోయాయి. 2023 మే 29న శ్రీహరికోట నుంచి లేచిన ఎన్‌వీఎస్-01లో దేశంలోనే తయారైన రుబిడియం గడియారం వెళ్లింది. 2025 జనవరి 29న శ్రీహరికోట వందో ప్రయోగంగా ఎన్‌వీఎస్-02ను రాకెట్ చక్కగానే వదిలింది కానీ, ఉపగ్రహంలోని కవాటం తెరుచుకోక అది అనుకున్న కక్ష్యకు చేరలేదు. కాలం కోసం ఒక్క ఆకాశం వైపే చూడకూడదన్న మాటకు ఈ వైఫల్యమే గట్టి సాక్ష్యం. నేల మీది అయిదు కేంద్రాల విలువ అందువల్లే రెట్టింపవుతుంది.

హైదరాబాద్‌లో రక్షణ పరిశోధన ల్యాబులు, ఈసీఐఎల్, బీడీఎల్ వంటి సంస్థలు, వాటికి విడిభాగాలు చేసిచ్చే చిన్న కంపెనీలు చాలా ఉన్నాయి. వీళ్లకు దగ్గరి కేంద్రం బెంగళూరు. అక్కడి నుంచి సర్వర్లకు సమయం పంపడంతో సరిపెట్టుకుంటే సగం పనే అయినట్టు. ల్యాబులోని ఆసిలేటర్‌కు కరెంటు తీయకుండా, రోజూ దాని తప్పెంతో చెప్పి, చట్టం ముందు చెల్లే పత్రాన్ని ఇచ్చే సేవ కూడా ఆ కేంద్రం నుంచే అందాలి. దానికి కావలసిన పద్ధతులు నలభై ఏళ్ల కిందటే సిద్ధమయ్యాయి. ఒక రిసీవర్, ఒక కంప్యూటర్, ఇంటర్నెట్ లైను, మిద్దె మీద చేతి వెడల్పు యాంటెన్నా ఉంటే చిన్న కంపెనీ కూడా ఆ సేవ అందుకోగలదు.